అతి తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల రేటు: మండలం స్థాయిలో లెక్క తీసే విధానం

మీ మండలంలో పోయిన సంవత్సరం 1,500 గ్రాముల లోపు బరువుతో ఎంతమంది బిడ్డలు పుట్టారని అడిగితే, నెలనెలా నివేదికలు పంపే ఆరోగ్య కార్యకర్తలు కూడా వెంటనే చెప్పలేరు. అందులో వారి తప్పేమీ లేదు. నెలవారీ నివేదికలో రెండున్నర కిలోల లోపు బిడ్డలకు ఒక వరుస ఉంటుంది. 2,400 గ్రాముల బిడ్డ, 1,100 గ్రాముల బిడ్డ ఆ వరుసలో ఒకే అంకె కింద కలిసిపోతారు. మొదటి బిడ్డకు వెచ్చదనం, తల్లిపాలు, ఇంటి దగ్గర కొన్ని వారాల శ్రద్ధ దొరికితే చాలావరకు సరిపోతుంది. రెండవ బిడ్డను మాత్రం పుట్టిన వెంటనే నవజాత శిశువుల ప్రత్యేక విభాగానికి చేర్చకపోతే బతకడం కష్టం. ఈ ఇద్దరినీ విడదీసి లెక్కపెట్టడం ఎలాగో, ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పరిస్థితులలో ఆ లెక్క ఎక్కడెక్కడ తప్పుతుందో, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) సూపర్‌వైజర్లకు, ఊళ్ళలో పనిచేసే ఆరోగ్య నర్సులైన ఏఎన్ఎంలకు, తమ ప్రాంతపు ఆరోగ్య స్థితిని తెలుసుకోగోరే విలేకరులకు, విద్యార్థులకు ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా హద్దులు తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం 2,500 గ్రాముల లోపు ఉంటే తక్కువ బరువు, 1,500 గ్రాముల లోపు ఉంటే అతి తక్కువ బరువు. వెయ్యి గ్రాముల లోపు వారిని మరొక వర్గంగా చూస్తారు. ఇక్కడ ‘లోపు’ అనే మాటను అక్షరాలా పాటించాలి. సరిగ్గా 1,500 గ్రాములున్న బిడ్డ ఈ లెక్కలోకి రాదు, 1,499 గ్రాముల బిడ్డ వస్తుంది. ఇది చాదస్తంగా కనిపించవచ్చు గాని, అంకెలను చివర సున్నాలు వచ్చేలా సరిచేసి రాసే అలవాటు ఉన్నచోట ఈ ఒక్క గ్రాము తేడాయే సంవత్సరపు రేటును తారుమారు చేస్తుంది. ఆ విషయానికి తూకం దగ్గర మళ్ళీ వస్తాను.

పోల్చుకోవడానికి కొన్ని అంకెలు మనసులో ఉంచుకోవడం మంచిది. 2020లో ప్రపంచం మొత్తం మీద పుట్టిన బిడ్డలలో 14.7 శాతం మంది తక్కువ బరువుతో పుట్టారని యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి అంచనా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశానికి వచ్చిన అంకె దాదాపు 18 శాతం. అతి తక్కువ బరువు బిడ్డల వాటా దీనికన్నా ఎంతో చిన్నది. జననాలన్నీ నమోదయ్యే అమెరికాలో అది 1.4 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. కనుక మీ మండలానికి 6 శాతం వచ్చినా, సున్నా వచ్చినా ముందు అనుమానించవలసింది లెక్కను. జిల్లా అంకె కోసం జాతీయ సర్వేను ఆశ్రయించడం కూడా సరికాదు. ఆ సర్వే జిల్లాకు సుమారు 900 కుటుంబాలనే కలుస్తుంది. ఆ కుటుంబాలలో గత ఐదేళ్ళలో పుట్టిన బిడ్డలు కొన్ని వందలకు మించరు, వారిలో 1,500 గ్రాముల లోపు వారు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే ఉంటారు. పైగా కార్డు చేతిలో లేనప్పుడు తల్లి గుర్తుచేసుకుని చెప్పిన బరువునే రాసుకుంటారు. అందువల్ల మన అంకెను మన రిజిస్టర్ల నుంచే తీసుకోవాలి.

ఎవరి బిడ్డ, ఏ ఊరి లెక్క

నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు జరిగేది ఇక్కడే. బిడ్డ ఎక్కడ పుట్టింది అన్నదాన్ని బట్టి కాక, తల్లి సాధారణంగా నివసించే ఊరు ఏది అన్నదాన్ని బట్టి లెక్కించాలి.

ఏడో నెలలో నొప్పులు మొదలైన గర్భిణిని ఏ పీహెచ్‌సీ అయినా తన దగ్గర ఉంచుకోదు, ఉంచుకోకూడదు కూడా. కోసిగిలోనో ఆస్పరిలోనో ఉన్న గర్భిణి 108 వాహనంలో ఆదోనికి, అక్కడి నుంచి కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు చేరుతుంది. అప్పుడు పీహెచ్‌సీ కాన్పుల రిజిస్టరులో అతి తక్కువ బరువు బిడ్డల సంఖ్య సున్నాగా ఉంటుంది. కర్నూలు పెద్దాసుపత్రి రిజిస్టరులో మాత్రం భయపెట్టేంత ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఆసుపత్రికి గద్వాల, వనపర్తి వైపు నుంచి, కర్ణాటకలోని రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు కనుక, ఆసుపత్రి శాతాన్ని తీసుకుని కర్నూలు జిల్లా రేటు అని ప్రచురించడం రెండు విధాలా తప్పు. అలాగే సున్నా చూపిన పీహెచ్‌సీని మెచ్చుకోవడమూ తప్పే. కష్టమైన కాన్పులను సకాలంలో పంపినందుకు మెచ్చుకోవచ్చు గాని, ఆ ఊళ్ళలో చిన్న బిడ్డలు పుట్టలేదని అనుకోకూడదు.

అనంతపురం వైపు చిక్కు మరో రకంగా ఉంటుంది. బత్తలపల్లిలోని ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రికి చుట్టుపక్కల ఎన్నో మండలాల నుంచి కాన్పులకు వస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. అక్కడికి వచ్చే తల్లులలో కొందరి ఊళ్ళు అనంతపురం జిల్లాలోనే ఉండిపోయాయి. హిందూపురం, మడకశిర వైపు కుటుంబాలకు బెంగళూరు దగ్గర. ఇక మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మనవైపు అంతటా ఉన్న ఆచారమే కనుక, ప్రొద్దుటూరులో కాపురముండే కోడలు కదిరిలో ప్రసవిస్తుంది. ఆమె బిడ్డను ఏ మండలంలో చేర్చాలన్న ప్రశ్నకు గర్భం నమోదైన చోటును కాక కాపురమున్న చోటును జవాబుగా తీసుకోవాలి. రెండు చోట్లా రాసి ఉంటే ఒకచోట కొట్టివేయాలి.

ఆదోని, మంత్రాలయం ప్రాంతాలలో సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస పోయే కుటుంబాల గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. మిరప కోతల కాలంలో గుంటూరు వైపు వెళ్ళిన గర్భిణి అక్కడే ప్రసవిస్తే, ఆ కాన్పు అక్కడి రిజిస్టరులో పడుతుంది, ఇక్కడి జాబితాలో ఆమె పేరు ఎదురుగా గడి ఖాళీగా మిగులుతుంది. పొలంలో వంగి పనిచేసి, తగిన తిండి, సమయానికి పరీక్షలు లేక గడిపిన గర్భాలే ఇవి. బిడ్డ ముందుగా పుట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారే లెక్కలోంచి జారిపోతున్నారు. కనుక గర్భిణుల జాబితాను ఎదుట పెట్టుకుని, ప్రసవ తేదీ దాటిపోయినా ఫలితం రాయని ప్రతి పేరుకూ ఆశా కార్యకర్త ద్వారా ఫోను చేయించాలి. కుటుంబం తిరిగి వచ్చాక తల్లీబిడ్డల రక్షణ కార్డు చూసి బరువు రాసుకోవాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది. అయినా దీనికి బదులు వేరే దారి లేదు.

ఆధారాలుగా నాలుగింటిని పక్కపక్కన పెట్టుకోవాలి: కాన్పుల గది రిజిస్టరు, ప్రత్యేక నవజాత శిశు విభాగంలో చేరికల రిజిస్టరు, ఆశా కార్యకర్తల ఇంటి సందర్శన పత్రాలు, జనన నమోదు. జనన నమోదు పత్రంలో బిడ్డ బరువుకు, గర్భం ఎన్ని వారాలదన్న దానికి గడులు ఉంటాయి. చాలామంది వాటిని గమనించరు. ప్రైవేటు ఆసుపత్రులలో జరిగిన కాన్పులు ఎక్కువగా ఆ పత్రాల ద్వారానే మనకు తెలుస్తాయి.

తూకం

బరువును పుట్టిన మొదటి గంటలలో, వీలైతే మొదటి గంటలోనే చూడాలి. ఆలస్యమైతే బిడ్డ సహజంగానే కొంత బరువు కోల్పోతుంది. నెలలు నిండిన బిడ్డలలో ఇది పది శాతం దాకా ఉండవచ్చు, నెలలు నిండని వారిలో ఇంకొంచెం ఎక్కువ. ఆదోనిలో 1,560 గ్రాములతో పుట్టి, కర్నూలుకు తరలించాక మూడవ రోజున 1,430 గ్రాములు తూగిన బిడ్డను ఊహించండి. రెండవ అంకె ఎత్తి రాస్తే ఆ బిడ్డ తప్పుగా మన జాబితాలో చేరుతుంది. కనుక మొదటి ఆసుపత్రి కాగితం మీది బరువే ప్రమాణం. అది దొరకనప్పుడు ఏ రోజున తూచారో పక్కన తప్పక రాయాలి.

తూచే పద్ధతి క్లిష్టమైనదేమీ కాదు. అంకెలు చూపే ఎలక్ట్రానిక్ త్రాసును చదునైన బల్లమీద ఉంచి, వెచ్చటి పొడిగుడ్డ పరచి, అంకెను సున్నాకు తెచ్చి, బట్టలు లేని బిడ్డను పడుకోబెట్టి, చూపిన అంకెను గ్రాములలో ఉన్నదున్నట్టు రాయాలి. చిన్న బిడ్డలు క్షణాలలో చల్లబడతారు కనుక గుడ్డ, గది రెండూ వెచ్చగా ఉండాలి, ఫ్యాను ఆపాలి. ప్రతి సోమవారం తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కిలో గుండును త్రాసు మీద పెట్టి చూసి, వచ్చిన అంకెను తేదీతో సహా గోడమీది కాగితంపై రాయడం అలవాటు చేసుకోవాలి. అంకె 10 గ్రాములకు మించి తేడా చూపితే ఆ త్రాసును సరిచేయించేదాకా పక్కన పెట్టాలి.

రిజిస్టరు నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. సంవత్సరపు బరువులన్నిటినీ తీసుకుని, సరిగ్గా 2,000, 2,500, 3,000 అని రాసినవి ఎన్నో లెక్కపెట్టండి. నేను పరిశీలించిన ఒక కేంద్రంలో వరుసగా ఏడు కాన్పులకు ‘2.5’ అని ఉంది. ప్రకృతిలో అలా జరగదు. తూకం చూడకుండా రాసినా అలా ఉంటుంది, ముల్లు త్రాసు మీద దగ్గరి గీతను చూసి రాసినా అలా ఉంటుంది. అక్కడి సిబ్బందిని నిలదీయడం వల్ల ప్రయోజనం లేదని నాకు ఆ రోజే అర్థమైంది. త్రాసు బ్యాటరీ అయిపోయి చాలా రోజులైంది, కొత్తది కొనడానికి ఎవరిని అడగాలో వారికి తెలియదు. రెండున్నర కిలోల లోపు రాస్తే పై నుంచి సంజాయిషీ అడుగుతారన్న భయం కూడా కొన్నిచోట్ల ఇందుకు తోడవుతుంది. ఆ భయాన్ని తొలగించడం సూపర్‌వైజరు మొదటి బాధ్యత.

మన విషయంలో ‘1.5’ అన్న అంకెను ప్రత్యేకంగా చూడాలి. 1,460 గ్రాములైనా 1,540 గ్రాములైనా ఒకటిన్నర అని రాస్తే, మొదటి బిడ్డ అన్యాయంగా లెక్క తప్పిపోతుంది. అలాంటి అంకెలను మనకు తోచినట్టు మార్చకూడదు. ‘1,500 లోపు: 8, సరిగ్గా 1,500 అని రాసినవి: 5’ అని రెండింటినీ విడివిడిగా చూపితే, చదివేవారికి అనిశ్చితి ఎంతో తెలుస్తుంది.

సజీవ జననమా, మృత జననమా

రేటులో సజీవ జననాలనే లెక్కిస్తారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, గర్భం ఎన్ని వారాలదైనా సరే, తల్లి నుంచి పూర్తిగా వేరుపడ్డాక బిడ్డ ఊపిరి తీసినా, ప్రాణమున్న మరే ఆనవాలు చూపినా అది సజీవ జననమే. గుండె కొట్టుకోవడం, బొడ్డుతాడులో నాడి ఆడడం, కండరాలు కదలడం అలాంటి ఆనవాళ్ళని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆచరణలో 900 గ్రాములతో పుట్టి, అరగంట గుండె కొట్టుకుని ఆగిపోయిన బిడ్డను ‘మృత శిశువు’ అని రాసిన సందర్భాలు నేను చూశాను. కుటుంబానికి రెండు ధ్రువపత్రాల శ్రమ తప్పించాలన్న దయతో రాసినా, పనిభారంతో రాసినా ఫలితం ఒకటే: ఆ బిడ్డ పుట్టినవారి లెక్కలోనూ లేదు, నవజాత శిశు మరణాల లెక్కలోనూ లేదు. తక్కువ బరువు ఉన్న కొద్దీ ఈ పొరపాటు పెరుగుతుంది కనుక, మృత జననాల జాబితాలో 500 గ్రాములకు పైబడి, 1,500 గ్రాముల లోపు ఉన్న ప్రతి కేసు షీటునూ ఒకసారి తెరిచి చూడాలి. కవలలైతే ఇద్దరినీ విడివిడిగా లెక్కించాలి.

లెక్క

సూత్రం చిన్నదే. 1,500 గ్రాముల లోపు బరువుతో సజీవంగా పుట్టిన బిడ్డల సంఖ్యను, బరువు చూసిన సజీవ జననాల సంఖ్యతో భాగించి, నూటితో గాని వెయ్యితో గాని హెచ్చించాలి.

ఉదాహరణకు ఒక మండలంలో ఏడాదికి 652 సజీవ జననాలు జరిగాయని, 12 మందికి బరువు రాయలేదని, మిగిలిన 640 మందిలో 8 మంది 1,500 గ్రాముల లోపు ఉన్నారని అనుకుందాం. రేటు 1.25 శాతం, అంటే వెయ్యికి పన్నెండున్నర. ఇప్పుడు ఆ 12 మందిని వెతకాలి. బరువు చూడకుండా ఆదరాబాదరాగా తరలించేది ఎక్కువగా అపాయంలో ఉన్న బిడ్డలనే. వారిలో నలుగురు 1,500 లోపు వారని తేలితే సంఖ్య 12 అవుతుంది, రేటు 1.84 శాతానికి చేరుతుంది. నూటికి ఇద్దరి వివరం కూడా లేకపోవడం పెద్ద లోపంగా కనబడదు గాని, మన అంకెను దాదాపు సగం మేర పెంచగలిగింది. అందుకే బరువు తెలియని వారి సంఖ్యను రేటు పక్కనే ప్రకటించాలి.

తరువాతి సంవత్సరం అదే మండలంలో 640 మందికి 13 మంది వచ్చారనుకుందాం. రేటు 1.25 నుంచి 2.03 శాతానికి పెరిగింది; ‘అరవై శాతం పెరుగుదల’ అన్న శీర్షిక పత్రికలో వచ్చేస్తుంది. తొందరపడకూడదు. చిన్న సంఖ్యలు కేవలం యాదృచ్ఛికంగా ఎంత ఊగుతాయో తెలుసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది: సంఖ్యకు వర్గమూలం కట్టి, దాన్ని రెట్టింపు చేసి, అసలు సంఖ్యకు కలిపి, తీసివేసి చూడాలి. 8కి వర్గమూలం 2.8, రెట్టింపు 5.7, కనుక పరిస్థితి ఏమీ మారకపోయినా 2 నుంచి 14 దాకా ఎంతైనా రావచ్చు. 13 ఆ హద్దులోనే ఉంది. మూడవ ఏడాది 9 మంది వచ్చారనుకుంటే, మూడేళ్ళకు కలిపి 1,920 మందిలో 30 మంది, రేటు 1.56 శాతం, ఊగే హద్దు సుమారు 19 నుంచి 41. ఇప్పుడు చెప్పదగిన మాట ఒకటి చేతికి వచ్చింది. సంఖ్య 20కి తక్కువైతే రేటును ప్రకటించకుండా సంఖ్యనే ఇవ్వడం, మూడేళ్ళను గాని పొరుగు మండలాలను గాని కలిపి చూడడం మంచి పద్ధతి.

ఏళ్ళను కలిపేటప్పుడు 2022 నాటి విభజనను మరచిపోకూడదు. అంతకుముందున్న కర్నూలు జిల్లాలో నంద్యాల ఉంది, అనంతపురంలో పుట్టపర్తి ఉంది, కడపలో రాయచోటి, రాజంపేట ఉన్నాయి. 2020 నాటి ‘కర్నూలు’ను 2023 నాటి ‘కర్నూలు’తో పోల్చితే వేరు వేరు ప్రాంతాలను పోల్చినట్టే. మండలాలవారీగా అంకెలు భద్రపరచి ఉంటే, ఏ హద్దులకైనా మళ్ళీ కూడుకోవచ్చు.

అంకె వెనుక కారణం

రెండు కిలోల పైబడిన తక్కువ బరువు బిడ్డలలో చాలామంది నెలలు నిండినా కడుపులో సరిగా ఎదగనివారు. అక్కడ తల్లి పోషణ, రక్తహీనత, చిన్న వయసు గర్భం ముఖ్యమైన కారణాలు. 2019–21 సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని, 20–24 ఏళ్ళ వారిలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళి అయిందని తేలింది. అయితే 1,500 గ్రాముల లోపు బిడ్డలలో ఎక్కువమంది నెలలు నిండకుండా పుట్టినవారు. 30 వారాలకు పుట్టే బిడ్డ సగటు బరువే 1,400 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. తల్లికి రక్తపోటు పెరగడం, ఉమ్మనీరు ముందుగా పోవడం, రక్తస్రావం, అంటురోగం, కవల గర్భం ఇక్కడ ప్రధానంగా కనిపిస్తాయి. పౌష్టికాహారం ఎంత పంచినా ఈ అంకె అనుకున్నంత తగ్గకపోవడానికి ఇదే కారణం. రక్తపోటును ప్రతి పరీక్షలో చూడడం, 34 వారాల లోపు నొప్పులు వస్తే తరలించే ముందే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ సూది ఇవ్వడం ఇక్కడ ఎక్కువ పనిచేస్తాయి.

కాబట్టి జాబితాలోని ప్రతి బిడ్డకూ గర్భం వారాలు రాయాలి. చివరి బహిష్టు తేదీ కన్నా మొదటి మూడు నెలలలో తీసిన స్కానింగు నమ్మదగినది. వారాలు తెలిశాక జాబితాను నెలలు నిండని వారు, నిండినా ఎదగని వారు అని రెండుగా చీల్చి, తల్లి వయసు, రక్తపోటు, హిమోగ్లోబిన్, కవలలు, వలస వివరాలు ఎదురుగా రాసుకుంటే, మండలంలో ముందు ఏ పని చేయాలో దానంతటదే కనిపిస్తుంది.

జాబితా పూర్తయ్యాక

ఈ పేర్లు సంవత్సరాంతం దాకా ఆగవలసినవి కావు. 1,800 గ్రాముల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డను ప్రత్యేక నవజాత శిశు విభాగంలో చేర్చాలన్నది జాతీయ మార్గదర్శకం. కనుక 1,500 లోపు బిడ్డ పేరు రిజిస్టరులో పడిన రోజునే చేరిందా లేదా అన్న గడి నింపాలి. తల్లి గుండెలకు ఆనించి బిడ్డను రోజుకు 8 నుంచి 24 గంటలు ఉంచే కంగారూ సంరక్షణను పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో సూచించింది; మన దేశం కూడా పాల్గొన్న అయిదు దేశాల పరిశోధనలో, వెయ్యి నుంచి 1,799 గ్రాముల బిడ్డలలో ఇది మరణాలను నాలుగో వంతు తగ్గించింది. పుట్టిన నాటి నుంచి లెక్కించి ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళే 3, 7, 14, 21, 28, 42వ రోజుల సందర్శనలు ఈ బిడ్డల విషయంలో ఆసుపత్రిలో గడిచిన రోజులతోనే అయిపోతుంటాయి. అందువల్ల ఇంటికి చేరిన తేదీ నుంచి కొత్తగా రోజులు లెక్కపెట్టి వెళ్ళాలి.

నివేదిక రాసేటప్పుడు ఒకే పుట చాలు. బరువు చూసిన సజీవ జననాలు ఎన్ని, బరువు తెలియనివి ఎన్ని, 1,500 లోపు ఎంతమంది, అందులో వెయ్యి లోపు ఎంతమంది, సరిగ్గా 1,500 అని రాసినవి ఎన్ని, నెలలు నిండని వారు ఎందరు, మండలం బయట పుట్టినవారు ఎందరు, 28 రోజులకు బతికి ఉన్నవారు ఎందరు అన్నవి అందులో ఉండాలి. తల్లుల పేర్లు ఆ పుటలో ఉండకూడదు. అవి ఏఎన్ఎం దగ్గరి జాబితాలోనే ఉండాలి. ఆ జాబితా ప్రకారం బిడ్డ బరువును ఏడాది నిండేదాకా నెలనెలా చూసి రాస్తూ రావాలి.